దుప్పటి కింద ముప్ఫై ఒకటి

మంచు పడిన ఉదయం తల్లి ఎఫీ ఫోను ఎత్తకపోయేసరికి కట్రియోనా పరుగున వచ్చి తలుపు తీసింది. స్కాట్లండ్‌లో, ఇన్వర్నెస్‌లోని ఆ ఇల్లు ఐసుగడ్డలా ఉంది. ఇల్లు వేడిచేసే బాయిలర్ ఆగిపోయింది.

"అమ్మా?"

మంచం మీద ఎఫీ కదలకుండా పడుకుని ఉంది. చెంప చల్లగా తగిలింది. నాడి చూద్దామని కట్రియోనా దుప్పటి తీసింది. గోడకు ఉండాల్సిన, గది వేడిని బట్టి బాయిలర్‌ను నడిపే తీగల్లేని థర్మోస్టాట్ తల్లి గుండెలమీద ఉంది. అందులో అంకె ముప్ఫై ఒకటి డిగ్రీలు.

ఒంట్లో వేడుంది.

ఎఫీ మెల్లగా కళ్లు తెరిచింది. "మాటిమాటికీ లేవలేక పక్కలో పెట్టుకున్నానే. ఇరవై రెండుకి తిప్పినా ఇల్లు వేడెక్కదేం?"

"నీ ఒంటి వేడి చూసి ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని బాయిలర్ ఆపేసిందమ్మా అది."

దాన్ని చల్లటి కిటికీ గట్టు మీద పెట్టి, బాయిలర్ మళ్లీ నడిచి ఇల్లు వెచ్చబడేదాకా కట్రియోనా తానే దుప్పట్లో దూరి తల్లిని హత్తుకుంది.