రాన్ మఫ్లర్ రంగు

పెన్‌ఫోల్డ్ గారు భూతద్దం తీశారంటే హాల్లో టీ కప్పు చప్పుడు కూడా వినిపించదు.

ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ లోహపు బొమ్మల సంఘం పోటీలకి పద్దెనిమిదేళ్లుగా ఆయనే న్యాయనిర్ణేత. బొటనవేలంత సీసపు పైలట్‌ని పట్టుకుని గుండీ గుండీ లెక్కపెడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో తాను విమానం నడపలేదన్న కసి ఆయనకి ఇంకా చావలేదు. "డాక్టర్లు ఒప్పుకోలేదు" అంటారు. పాపం, గుండెజబ్బు కాబోలని జనం ఇంకేం అడగరు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎక్కడ ఏ డబ్బా రంగు వేశారో కాగితం మీద రాసివ్వాలి. దాన్ని ఆయన బొమ్మకన్నా శ్రద్ధగా చదువుతారు.

ఈసారి నెగ్గిన బొమ్మ ఊరి మ్యూజియంలో ఉంటుంది. అందుకే ఐవీ స్ట్రాటన్ చలికాలమంతా కూర్చుని వాళ్ల అన్నయ్య రాన్‌ని చేసింది. 1940లో సముద్రం మీదికి ఎగిరిన రాన్ తిరిగిరాలేదు. సమాధి కూడా లేదు. ఎక్కడో ఒకచోట అన్నయ్య నిలబడి ఉండాలని ఆవిడ ఆశ.

పెన్‌ఫోల్డ్ కాగితం తిరగేశారు. "మఫ్లర్ రంగుకి డబ్బా పేరు రాయలేదేం?"

"డబ్బాల్లో దొరకలేదండీ. నేనే కలుపుకున్నాను. మా అమ్మ అల్లిన మఫ్లర్ అది. మిగిలిన ఊలు ఇదిగో, పక్కన పెట్టి చూసుకోండి."

ఆయన ఊలు చూశారు. బొమ్మ చూశారు. మళ్లీ ఊలు చూశారు. నుదుటి మీద చెమట పట్టింది.

"రంగు తప్పు."

"ఏం తప్పండీ?"

"చూస్తే తెలియడం లేదూ? ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి సంగతి, మీకేం గుర్తుంటుందమ్మా!"

"గుర్తుండక్కర్లేదు, ఊలు మీ చేతిలోనే ఉంది కదా!" అంది ఐవీ.

"నాకు నేర్పకండి. ఈ బొమ్మ తీసేయండి."

బహుమతి డడ్లీకి వెళ్లింది. అతని కాగితం మీద పదకొండు డబ్బాల పేర్లు, ముత్యాల్లాంటి దస్తూరీ. బొమ్మ మాత్రం పొట్ట ఉబ్బిన పోస్ట్‌మాన్‌లా ఉంది. అయినా చప్పట్లు మోగాయి. "డేగ కన్నండీ మీది!" అన్నాడు కార్యదర్శి. ఐవీ రాన్‌ని చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఒక్కరూ ఆవిడ వైపు చూడలేదు. సిగ్గుండాలి మనుషులకి.

కార్లో కూర్చుని, అద్దాలు పైదాకా ఎత్తేశాక, పెన్‌ఫోల్డ్ గారు భార్య బెరిల్‌ని మెల్లగా అడిగారు: "ఇంతకీ ఆ మఫ్లర్ ఎరుపా, ఆకుపచ్చా?"