పానా తిప్పే చోటు

పూండి దగ్గరి ఒక ఊళ్లో ఇంజినీరు మనోహర్ మంచినీళ్ల పంపు రూముకు కొలతలు వేస్తున్నాడు.

ఒక దాత ఇచ్చిన జాగా మూడు సెంట్లు. సంపుకూ ట్యాంకుకూ పోను రూముకు మిగిలింది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఆనుకుని దాతవే రెండు జీడిచెట్లు. తుఫాను తరవాత నాటినవి. ఇప్పుడే కాపుకొచ్చాయి.

"జాగా ఇచ్చినోల్లని మల్లీ అడగలేను బాబూ. సెట్ల జోలికి ఎల్లకండి" అని సర్పంచి కూర్మారావు ముందే చెప్పాడు.

మర్నాడు ఆఫీసులో డ్రాయింగు ఇవ్వాలి. గోడలు వచ్చే చోట మనోహర్ మేకులు కొట్టి దారం కట్టాడు. పంపులు వచ్చే చోట ఇటుకలు పేర్చాడు.

ఒక ముసలామె దారం దగ్గర ఆగింది. చేతిలో క్యారేజీ ఉంది.

"పంపులెన్ని బాబూ?"

"రెండు. ఒకటి చెడితే రెండోది నడుస్తుంది."

"సెడింది ఎక్కడ ఇప్పుతారు?"

"అక్కడే."

"అయితే ఓపాలి అక్కడ కూకో."

మనోహర్ నవ్వి ఇటుకల పక్కన గొంతుక్కూర్చున్నాడు. వీపుకు దారం తగిలింది.

"అది గోడ. ఇప్పుడు పానా తిప్పు."

తిప్పినట్టు చెయ్యి ఆడించాడు. మోచెయ్యి రెండో పంపు ఇటుకలకు కొట్టుకుంది.

"పంపు పడతాది బాబూ. మనిసి పట్టడు."

"మీకెలా తెలుసు?"

"ముప్పయ్యేల్లబట్టి ఉప్పు మడుల్లో సేత్తన్నాను. అక్కడ ఓ సావుకారు ఇలాగే కట్టినాడు. పంపు సెడితే గోడ పగలగొట్టినారు. పదకొండు రోజులు ఆగిపోనాది. ఇక్కడ అన్నాల్లు ఆగితే మా పిల్లలు మల్లీ ఆ రోగాల బోరునీల్లే తాగాల."

"ఎంత పెంచమంటారు?"

"నాలుగడుగులు."

"ఆ చెట్లు కొట్టాలమ్మా. చెట్టు మనది కానప్పుడు ఎన్నయినా చెప్పొచ్చు."

ఆమె అతని వైపు చూసింది.

"నిజిమే" అంది. నౌపడ రైలుకు వేళయిందని వెళ్లిపోయింది.

మర్నాడు టెక్కలి ఆఫీసులో సూర్యప్రకాష్ డ్రాయింగు చూశాడు. మనోహర్‌కు పై అధికారి.

"పంపులు పట్టాయి. ఫిట్టరెక్కడ కూర్చుంటాడు? ఇంకో నాలుగడుగులు కావాలి. జాగా లేదంటే ఈ స్కీము పక్క ఊరికి పోతుంది."

దాత కాళ్లయినా పట్టుకుందామని మనోహర్ మధ్యాహ్నానికి ఊరికి వచ్చాడు.

చెట్లు రెండూ నేలమీద ఉన్నాయి. కొమ్మలకు పిందెలు ఉన్నాయి. ఒకవైపు మేకులు నాలుగడుగులు అవతలికి జరిగి ఉన్నాయి.

"ఎవరు కొట్టించారు?"

"కొట్టించడమేటి, తనే కొట్టింది. అప్పలనరసమ్మ" అన్నాడు కూర్మారావు. "నిన్న మిమ్మల్ని కూకోబెట్టి పానా తిప్పించిందంట గదా, ఆవిడే. సాయంత్రం రైలు దిగి గొడ్డలట్టుకుని తిన్నగా ఇటే వొచ్చింది. వొద్దంటే వింటాదేటి? మా ఊరి మనిసి మరి."

మనోహర్ పిందెలున్న కొమ్మ ఒకటి దారిలోంచి పక్కకు జరిపాడు.

"నేనో మాట అన్నాను. ఇంటికి వెళ్లి కలుస్తాను. ఆవిడ ఇల్లెక్కడ?"

"తమ్ముడి పంచలో ఉంటాది" అన్నాడు కూర్మారావు. "ఇల్లు కట్టుకుందామని ఉప్పు మోసి కొనుక్కున్న జాగా ఇదే బాబూ, మీకు రాసిచ్చీసింది."