ఫొటోలో గుంత

మెదక్‌లో పొద్దుటి నుంచి ఒకటే వాన. చర్చికని కట్టుకున్న తెల్లచీర మోకాళ్ల దాకా తడిసిపోగా, ఎలిశిబా టీచరు పక్కనే లేచిన కొత్త అపార్ట్‌మెంటు గేటు దబదబా బాదింది. దాన్ని కట్టిన బిక్షపతే బయటికి వచ్చాడు.

“నాలుగంతస్తులు లేపినవ్, ఒక్క ఇంకుడు గుంతన్న తవ్వినవా? నీ డాబా మీది నీళ్లు మొత్తం మా ఇంట్లకే వస్తున్నయి. బియ్యం డబ్బా తేలుతున్నది!”

“గుంత లేకుంటే పర్మిషనే రాదు టీచరమ్మా. ఆఫీసుల ఫొటో గూడ ఇచ్చిన,” అంటూ అతను ఫోను చూపించాడు.

ఫొటోలో కంకర పోసిన గుంత. దాని వెనక ఎలిశిబా ఇంటి పచ్చ గోడ, గోడ మీద ఆమె పెంచిన మల్లెతీగ.

“సిగ్గుండాలె! మా వాకిట్ల గుంత చూపించి నీదని రాయించుకుంటవా? రేపు పొద్దుగాల్నే ఆఫీసరును తోల్కొస్త. ఆ గుంత ఎవరిదో చూపిస్త!”

“తోల్కరాండ్రి. ఏడ చూపిస్తరు?”

ఆమె తన వాకిలి వైపు చెయ్యి చాపింది; అక్కడ టైల్స్ మీద ఆమె కారు తడుస్తోంది.

“కారు పెట్టుకోనీకి జాగ లేదని, మొన్న ఎండకాలం మీరే ఆ గుంత పూడ్చిండ్రు. మొరం నా దగ్గర్నే తీసుకపోయిండ్రు. మీద టైల్స్ ఏసింది గూడ నా మేస్త్రీనే.”

వాన ఇంకా దంచుతూనే ఉంది. ఎలిశిబా కోపం చుక్కంత కూడా తగ్గలేదు.

“గడ్డపారలున్నయా?” అని అరిచింది. “రెండు పట్కరా. ఒకటి నీకు!”