శుక్రవారం డ్యూటీ

"రూమ్‌ల వైఫై మస్తుగున్నదంట. గురువారం సముద్రం ముంగట కూసొనే ఆఫీసు పని చేస్కోవచ్చు" అంటూ క్యాంటీన్‌లో శ్రీలత తాను గోకర్ణలో బుక్ చేసుకున్న గది ఫొటోలు అజయ్‌కి చూపించింది. మేనేజరు కూడా సరేనన్నాడు. ఇక మిగిలింది శుక్రవారం సెలవునాటి సపోర్ట్ డ్యూటీ. అది శ్రీలత వంతు.

అదే టీమ్‌లోని జాయ్స్ టీ కప్పుతో రాగానే శ్రీలత ఫోను బోర్లా పెట్టేసింది.

"జాయ్స్, శుక్రవారం నా డ్యూటీ జర చూస్తవా? నేను పోయేకాడ సిగ్నల్ ఉండదు. నువ్వెటూ ఇంటికాడనే ఉంటవు కదా."

అజయ్ టీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"సరేనండి. మధ్యాహ్నం మూడు గంటలసేపు చర్చిలో ఉంటాను. లాప్‌టాప్ పట్టుకెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటాలెండి."

"మూడు గంటలా! ఏం చేస్తరు?"

"సిలువ మీద ప్రభువు పలికినవి ఏడు మాటలండి. గుడ్ ఫ్రైడే నాడు ఒక్కో మాట మీద ఒకరు ప్రసంగిస్తారు. ఈసారి ఐదో మాట నాకిచ్చారు, మొదటిసారి. పర్లేదు, ఇంకొకరిని చెప్పమంటాను."

నెల రోజులుగా ఆ శుక్రవారాన్ని తాను లాంగ్ వీకెండ్ అని తప్ప మరో పేరుతో పిలవలేదని శ్రీలతకు అప్పుడు తట్టింది.

"వద్దు. నువ్వే చెప్పు. నా డ్యూటీ నేనే చూస్కుంట."

జాయ్స్ ముఖం వెలిగింది. అంతలోనే కంగారుపడింది. "మరి మీకక్కడ సిగ్నల్ ఉండదు కదండీ?"

శ్రీలత బోర్లా ఉన్న ఫోను మీద చెయ్యి వేసింది.

"ఉంటది" అంది, తల ఎత్తకుండా.