బెంచీకి ఆ చివర

నిచ్చెనన్న భోజనం డబ్బా మూత తీయగానే బల్ల చుట్టూ ఉన్న జట్టంతా గొల్లున నవ్వింది.

ఉడికించిన చిక్కుడు గింజలు, ఆకుకూర, గుప్పెడు వేరుశనగలు.

"అన్నా, మంటలు మానేసి మేకలతో పోటీ పెట్టుకున్నావా?" అన్నాడు ఫైరింజన్ డ్రైవరు.

నిచ్చెనన్న అసలు పేరు అందరూ మర్చిపోయి చాలా కాలమైంది. ఎక్కడ మంటలు లేచినా మొదట నిచ్చెనెక్కేది అతనే. అలాంటివాడు మొన్నటి దేహదారుఢ్య పరీక్షలో, భుజాన నీళ్ళ గొట్టంతో సగం టవరెక్కి చతికిలబడ్డాడు.

"రక్తంలో కొవ్వు పేరుకుపోయింది. మాత్రలు వేసుకుంటూనే మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానెయ్యండి," అంది అప్పుడు చూసిన డాక్టరు.

"మళ్ళీ తప్పావంటే నీకు ఫోన్ దగ్గర కుర్చీయే," అన్నాడు స్టేషన్ ఆఫీసరు.

జట్టు నవ్వులు పడలేక నిచ్చెనన్న డబ్బా మూసుకుని, స్టేషన్‌కి ఎదురుగా ఉన్న పార్కులోకి వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు.

బెంచీకి ఆ చివర ఎవరో బక్కపలచటి మనిషి రొట్టెలో కోడిగుడ్డు పెట్టుకుని తింటున్నాడు.

"డాక్టరు తిండా?" అని అడిగాడు, డబ్బాలోకి తొంగి చూసి.

"అవును. నిచ్చెనెక్కే ఉద్యోగం నాది. ఇది తినకపోతే ఊడుతుంది."

ఆ మనిషి నమలడం ఆపి అతని ముఖంలోకి చూశాడు.

మర్నాడు ఆయన డబ్బాలోనూ చిక్కుడు గింజలే ఉన్నాయి.

"మీకేం ఖర్మండీ?"

"తోడుంటే గొంతు దిగుతుందని."

అప్పటి నుంచి డ్యూటీ ఉన్నప్పుడల్లా అక్కడే భోజనం. ఒకరు బెండకాయ తెస్తే ఒకరు గుమ్మడికాయ. ఇంట్లో భార్య పాలు మాన్పించి సోయా పాలతో టీ ఇచ్చింది. మొదటి గుక్కకే నిచ్చెనన్న ముఖం అష్టవంకర్లు తిరిగింది. కూతురు పడీపడీ నవ్వింది. నెల తిరిగేసరికి ఆ టీ రెండో కప్పు అడగడం మొదలుపెట్టాడు.

ఓ మధ్యాహ్నం పార్కు గేటు ముందు వేపుడు బండి వచ్చి ఆగింది. కోడిమాంసం వాసన ఘుమఘుమలాడుతూ బెంచీ దాకా వచ్చింది.

నిచ్చెనన్న డబ్బా పక్కన పెట్టేశాడు.

"నావల్ల కాదు సార్. ఫోన్ దగ్గర కుర్చీయే నయం. ఎవడో ఒకడు ఎక్కుతాడు నిచ్చెన."

అని లేచి నిలబడ్డాడు.

ఆ మనిషి డబ్బాకి మూత పెట్టబోయి, దాన్ని చేతిలోనే అటూ ఇటూ తిప్పాడు.

చివరికి తన డబ్బా ముందుకు జరిపాడు.

"ఇది కొత్తగా చేయించాను. పుట్టగొడుగులు. రుచి చూసి వెళ్ళండి."

నిచ్చెనన్న కూర్చున్నాడు. డబ్బా ఖాళీ అయింది. వేపుడు బండి తన దారిన తను వెళ్ళిపోయింది.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. బెల్టుకు కొత్త కన్నాలు పడ్డాయి. రిపోర్టు చూసిన డాక్టరు ఒకటికి రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుంది.

గొట్టం భుజానికెత్తుకుని అతను కదిలాడు. ఇదివరకు చతికిలబడిన చోటు ఎప్పుడు దాటాడో అతనికే తెలియలేదు. గుండె కొట్టుకుంటోంది గానీ బెదిరించడం లేదు. టవరు కొసన నిలబడి గొట్టం పైకెత్తేసరికి కింద జట్టంతా ఈలలు వేసింది. మేకలని నవ్విన డ్రైవరు టోపీ గాల్లోకి విసిరాడు.

"రేపట్నుంచి నాకూ ఓ డబ్బా కట్టించన్నా!"

పైనుంచి చూస్తే స్టేషన్ గేటు దగ్గర బెంచీ మనిషి కనిపించాడు. భుజాన పెద్ద సంచీ. నవ్వుతూ చెయ్యెత్తాడు.

నిచ్చెనన్న ఆయన్ను కావలించుకోవాలని గబగబా దిగాడు. అప్పటికే గేటు దగ్గర ఎవరూ లేరు.

"సార్, ఇందాక సంచీతో నిలబడ్డాయన ఎవరు?" అని ఆఫీసర్ని అడిగాడు.

"తెలీదా? ఆయనా మనవాడే. భార్యాపిల్లలున్న ఊరని బదిలీ అడిగి, ఊరవతల స్టేషన్లో తాత్కాలికంగా రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. ఇప్పుడిక వాళ్ళని వదిలి పాత చోటికే వెళ్ళాలి, పాపం."

ఆఫీసరు అతని భుజం తట్టాడు.

"నువ్వు ఇవాళ తప్పి ఉంటే, నీ చోటు ఆయనదే."