మనిషి అక్కర్లేని అంగడి

ముసలామె అరచేత్తో పుస్తకాల మెషీన్‌ను గట్టిగా చరిచింది.

లోపల ఇరుక్కున్న పుస్తకం జారి కింద పడింది. ఎదురుచూస్తున్న పల్లెటూరి దంపతులు దాన్ని తీసుకుని బస్సు వైపు పరుగెత్తారు.

అప్పుడే వచ్చిన హరినాథ్‌కు ఒళ్లు మండిపోయింది.

రెండువేల ఆరులో, తిరుపతిలో కొండ బస్సులు బయలుదేరే చోట ఆ మెషీన్ పెట్టారు. నోటు పెట్టి మీట నొక్కితే పగలైనా రాత్రయినా పుస్తకం చేతికొస్తుంది. అమ్మే మనిషి అక్కర్లేదన్నదే కంపెనీ గొప్ప. దాన్ని చూసుకోవడానికి చిత్తూరు నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగి హరినాథ్.

వచ్చిన రోజు నుంచీ ఈమెను చూస్తున్నాడు. పొద్దున్నే మెషీన్ పక్కన నిలబడుతుంది. దారిన పోయేవాళ్లను పిలుస్తుంది. జంకేవాళ్లను కసిరి, వాళ్ల చేతే మీట నొక్కిస్తుంది. పిల్లలకు ఏ పుస్తకం కొనాలో తగవు పెట్టుకున్నట్టు చెబుతుంది.

ఊరికే ఎవరు చేస్తారు ఇంత చాకిరీ? యాత్రికుల దగ్గర చేయి చాపుతోందని అతని అనుమానం.

“మిషన్ని అట్ల కొడతావా? నీ నాయన సొమ్మా ఇది?”

ఆమె తగ్గలేదు.

“ఇరుక్కుంటే వాళ్లు ఉత్త చేతుల్తో పోవాల్నా? అప్పుడు నువ్వు యాడుండావప్పా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. హరినాథ్‌కు తల తీసేసినట్టయింది. బస్టాండు కాపలావాణ్ణి పిలిచి, ఆమెను రెక్క పట్టుకుని బయటికి గెంటించాడు. మళ్లీ కనబడితే పోలీసులకు అప్పగిస్తానన్నాడు.

ఆమె మళ్లీ కనబడలేదు.

మెషీన్ ముందు జనం ఆగడమూ తగ్గింది. ఆగినవాళ్లు అద్దంలోంచి అట్టల మీది బొమ్మలు చూసి, మీటలు చూసి బెదిరి, బస్సెక్కేసేవారు. పుస్తకం ఇరుక్కుంటే తిట్టుకుంటూ పోయేవారు.

వానలు మొదలయ్యేసరికి, మెషీన్ ఎత్తేస్తామని కంపెనీ కబురు పెట్టింది. అమ్మకాలు ఎందుకు పడిపోయాయని హరినాథ్‌ను నిలదీసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమె.

పక్కనే టీ అంగడి నడిపే కుప్పయ్య దగ్గరికి వెళ్లి, ఆ ముసలామె ఎక్కడుంటుందని అడిగాడు. మళ్లీ వచ్చి నిలబడితే జీతం ఇప్పిస్తానన్నాడు.

కుప్పయ్య గ్లాసులు కడగడం ఆపాడు.

“యశోదమ్మ పోయిన నెల సచ్చిపోయింది. జీతం ఎవురికిస్తావు?”

ఆమె ఏ లాభానికి రోజూ అలా నిలబడేదని హరినాథ్ గొంతు తగ్గించి అడిగాడు.

ఒక్క రూపాయి ముట్టలేదన్నాడు కుప్పయ్య. పుస్తకం చూసి ఆగిన మనిషిని ఊరికే పోనివ్వడం ఆమెకు చేతకాదన్నాడు.

“మీ మిషను నిలబెట్టేదానికి ఈడ పెరికి పారేసినారే పుస్తకాలంగడి, అది ఆమెదప్పా.”