ఎవరు నోరు జారారు?

పెద్దమాస్టర్ మళ్లీ చూస్తున్నాడు.

చిన్నమాస్టర్ గుడ్డ కత్తిరిస్తూనే ఓరకంట గమనించాడు. ఆ చూపు ముందు మెడ మీద ఆగింది, తర్వాత భుజాల మీద, అక్కణ్ణుంచి నడుము దాకా దిగింది. దొంగను చూసినట్టే ఉంది వాలకం. పొద్దున్న అయితే పై అరలో ఉన్న గుండీల డబ్బా అందుకోమన్నాడు. తీరా చేతులు చాచి అందుకున్నాక, "సరేలే, అక్కడే పెట్టెయ్‌రా" అన్నాడు. అదేం పనో అర్థం కాలేదు.

అర్థం కాకపోవడమేం, అయింది. ఎదురు వీధిలో తను సొంతంగా టైలరు కొట్టు పెడుతున్న సంగతి ముసలాయనకు తెలిసిపోయింది. కత్తెర పట్టడం నేర్పిన మనిషి. ఆయన మనసు నొప్పించకుండా, సమయం చూసి, నెమ్మదిగా తనే చెబుదామనుకున్నాడు. ఇప్పుడిక నమ్మకద్రోహి కింద జమకట్టేస్తాడు.

ఆ సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే.

"మాస్టర్‌గారి ఇంట్లో గానీ అన్నావా?" అన్నం దగ్గర నిలదీశాడు.

"నేనెవరికీ చెప్పలేదు."

"చెప్పావని కాదు. నోరు జారావేమోనని."

"రెంటికీ తేడా నాకు తెలుసులెండి. అనాలనుకుని అంటే చెప్పడం. అనేశాక నాలిక కరుచుకుంటే జారడం. నేను రెండూ చెయ్యలేదు."

అతను నమ్మలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ కడుపులో ఒక్క మాటా దాగిన పాపాన పోలేదు.

మర్నాడు అతను కొట్లో అడుగుపెట్టేసరికి పెద్దమాస్టర్ ఏదో గబుక్కున బల్ల కిందికి తోసేశాడు. మళ్లీ అదే చూపు.

"కాస్త అటు తిరగరా."

చిన్నమాస్టర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఎందుకండీ ఈ దాగుడుమూతలు? అవును, ఎదురు వీధిలో కొట్టు తీసుకున్నాను. మన దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది అక్కడికే వస్తారు. మీ చేతులు వణుకుతున్నాయట, కుట్టు వంకరపోతోందట. పొమ్మంటే పోతాను. ఇలా చూపులతో చంపకండి."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. చేతుల సంగతి ఎత్తకుండా ఉండాల్సింది.

పెద్దమాస్టర్ మెల్లిగా వంగి, బల్ల కింద నుంచి సగం కుట్టిన కోటు తీసి అతని ముందు పెట్టాడు.

"టేపు పెడితే నీకు తెలిసిపోతుందని కొలతలు కంటితోనే తీసుకుంటున్నానురా, ఈ కొట్టు నీ పేర రాసిచ్చే రోజున తొడుక్కుంటావని."